కొత్త అడ్డరోడ్డు

పొద్దున ఎనిమిదింటికల్లా
ఎలుక పిక్కలోంచి తీసిన కండని
వెంట్రుకలో సగం మందాన కోస్తాను.
నా ఉద్యోగం అదే.
మెడికల్ కాలేజీ మేడ మీద, కిటికీ బిగించినా
మిర్చియార్డు గాలి లోపలికొస్తుంది.
గాజుపలక మీద తుమ్మకుండా
ముక్కు నొక్కిపట్టడం ఏ మేడమూ నేర్పలేదు.

వెండిరంగు పట్టాక
నరం చివర నల్లగా తేలుతుంది.
బోనులో ఊరికే కూర్చున్న ఎలుకకి
రెండు కొమ్మలు, మహా అయితే మూడు.
ఎనిమిది వారాలు చక్రమెక్కి పరిగెత్తినదానికి
బ్రాడీపేట!
నాలుగో లైన్లోంచి అడ్డరోడ్డు,
అడ్డరోడ్డులోంచి ఇంకో సందు,
సందు చివర గుమ్మం,
గుమ్మానికి ఎదురుగా
అరుగు కాస్త వెడల్పు చేసుకుని కూర్చున్న కండ.

రెండూ ముట్టుకోవు.
మొదటిరోజు చెబితే నమ్మలేదు నేను.
మధ్యన కంటికానని ఖాళీ.
ఇటునుంచి నరం చిటికెడు మందు చల్లితే
అటునుంచి కండ దోసిలి పడుతుంది.
చెంబు ఎత్తినా, చెయ్యి ఊపినా
ఆ ఖాళీని దాటిన కబురే.

"ఏం కనబడుద్దే అందులో?"
దేవసాయం బాబాయి అడిగాడు,
ముప్ఫై ఏళ్ళు యార్డులో టిక్కీలు మోసినవాడు.
ఆయనకి తెలిసిన సంగతితోనే చెప్పాను.
కొత్త కుర్రాడు మొదటిరోజు టిక్కీ కింద వణుకుతాడు చూడు,
కండ లేక కాదు బాబాయ్,
కేక అందక.

చాలాసేపు బీడీ వెలిగించలేదు.
"నిజవే. మొదట్లో నా కాళ్ళు నా మాట వినేయి కాదు.
నెల తిరిగేతలికి
నేననుకోకముందే లేచేయి.
పిక్క చూస్తే అంతే ఉండేది.
మరి పెరిగిందేందో ఇన్నాళ్ళకి చెప్పావు."

చెప్పనిది ఒకటుంది.
ఎలుక బుద్ధిపుట్టినప్పుడు చక్రమెక్కుతుంది,
అలిసిపోతే దిగుతుంది,
దిగాక గింజలు, నీళ్ళు, నిద్ర.
మార్చి నెలలో లారీ వెనక లారీ ఆగితే
ఆయనకి దిగడం ఎక్కడుంది?
బస్తాకింత అని రేటుంది గానీ
విశ్రాంతికి గడి గీసిన కాగితం లేదు.
వ్యాయామం అనే మాట
ఆ కాయగాసిన మెడకి తగిలించడానికి
నాకు నోరు రాలేదు.

ఇప్పుడు రెండేళ్ళుగా కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర
ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటున్నాడు.
పోయిన నెల గ్యాసుబండ ఎత్తబోతే
చెయ్యి మధ్యలోనే వదిలేసింది.
బండ వైపు కాదు,
తన చేతి వైపు చూశాడు,
పిలిచినా పలకని మనిషిని చూసినట్టు.

ముసలి ఎలుకల పలకలు నా బీరువాలో ఉన్నాయి.
అరుగు పెంకుల్లా చితికి,
నరం ఒక్కో గుమ్మం నుంచీ వెనక్కి జరిగి.
వాటినే మళ్ళీ చక్రమెక్కిస్తే
కొన్ని పెంకులు కలిశాయి.
అన్నీ కాదు.
ఎన్ని కలిశాయో లెక్క రాసింది నేనే,
పెంచి చెప్పలేను.

ఆదివారం పోయి, ఆ కుర్చీలోంచే
పదిసార్లు లేచి కూర్చోమన్నాను.
నవ్వాడు.
"నలభై కేజీలు మోసినోణ్ణి,
నన్ను నేను మోసుకోమంటావా?"
ఊ.
"డబ్బులేం రావుగా దీనికి?"
రావు.
"అందుకే బరువుగా ఉంది."

అయినా చేతులు మోకాళ్ళ మీద ఆనించి లేచాడు.
ఒకటి అనలేదు,
కాటా దగ్గర అలవాటుగా
"లాభం" అన్నాడు.
రెండు.
మూడు దగ్గర తొడ వణికింది.
పట్టుకోబోయి ఆగాను.
కేక బయల్దేరింది,
ఖాళీ దగ్గర కాసేపు తడబడుతుంది, తెలుసు.

గేటు బయట లారీ హారన్ కొట్టింది.
"ఉండు రా" అన్నాడు దానితో,
నాలుగుకి లేస్తూ.